దేముడమ్మ కుడితి

జగన్నాధం గారి హోటలు బోర్డు మీద రెసిడెన్సీ అని ఉంటుంది గానీ, చీపురుపల్లిలో అందరూ దాన్ని లాడ్జి అనే అంటారు. కింద భోజనశాల, పైన పద్దెనిమిది గదులు, వెనక కళ్యాణ మండపం. మండపానికీ ప్రహరీ గోడకీ మధ్య సందులో, అంట్లు తోమే చోట, రెండు పాత రేకు డ్రమ్ములు ఉండేవి. హోటల్లో వాటిని దేముడమ్మ డ్రమ్ములు అనేవారు.

అవి ఆమె కొన్నవి కావు. జగన్నాధం గారి నాన్నగారి రోజుల్లో నోటిమాటగా కుదిరిన ఏర్పాటు. పెద్ద గిన్నెలు తోమినందుకు జీతం, పెరడు రెండు పూటలా ఊడ్చినందుకు కుడితి. గంజి, బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, విస్తళ్లలో మిగిలిన అన్నం, అరిటాకులు, అన్నీ ఆ డ్రమ్ముల్లోకే. వాటితోనే ఇరవై రెండేళ్లుగా ఆమె ఒక గేదెని, తరవాత దాని పెయ్యని, ఆ పెయ్యకి పుట్టిన పెయ్యని సాకింది. నేను చూసింది మూడోదాన్ని. నుదుటి మీద తెల్లమచ్చ ఉండేది. సుక్క అని పిలిచేది.

నేను ఆ హోటల్లో ఫ్రంటాఫీసులో చేరేటప్పటికి దేముడమ్మకి యాభై దాటాయి. పుట్టింది నౌపడ దగ్గర. అమ్మా నాన్నా ఉప్పుమళ్లలో కూలీలు. పదేళ్లప్పుడు తనూ మళ్లలోకి దిగింది. పదహారో ఏట చీపురుపల్లి కోడలైంది. భర్త జూటు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతపడ్డాక కొన్నాళ్లు రిక్షా తొక్కాడు, ఆ తరవాత ఉబ్బసం వచ్చి మంచం పట్టాడు. ఒక్కతే కూతురు, కోటబొమ్మాళిలో ఇచ్చారు. ఇవన్నీ ఆమె నాకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పినవి కావు. గిన్నెలు తోముతూ ఒక ముక్క, మా ఇంట్లో పాలు పోస్తూ ఒక ముక్క.

"మడిలో ఉప్పు కట్టిందో నేదో మా అయ్య కల్లతో సూసీవోడు కాదు," అంది ఒకసారి. "సెయ్యెట్టి సూసీవోడు. కల్లు మోసం సేత్తాయి గానీ సెయ్యి సెయ్యదనీవోడు."

దేముడమ్మ ఎడమ చేతికి నిండా గాజులుండేవి. కుడి చేతికి ఒక్కటీ ఉండేది కాదు. కుడితి మోసుకెళ్లే ముందు ప్రతి పూటా డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని, కుడి చెయ్యి భుజం దాకా ముంచి, అడుగు నుంచి పైకి మెల్లగా కలిపేది. కళ్లు అటు పెట్టేది కాదు. ఎవరితోనో మాట్లాడుతూనే ఉండేది. చేతికి తగిలిందల్లా బయటికి తీసి గట్టు మీద పెట్టేది. పూలదండల సూదులు, పిన్నీసులు, పళ్లు కుట్టుకునే పుల్లలు, రబ్బరు బాండ్లు, పాల పాకెట్ల మూలలు, నెలకి ఒకటో రెండో స్టీలు స్పూన్లు. స్పూన్లు కడిగి వంటశాలలో పెద్ద మేస్త్రి ధర్మేంద్రకి ఇచ్చేది.

"అప్పా, నీ డ్రమ్ములోంచి వచ్చీ ఇనుము సూస్తే మన సావుకారు గనుల లైసెన్సు తీసుకోవాలే," అనేవాడు ధర్మేంద్ర.

"ముందు నీ గరిటెలు సూసుకో. మతిమరుపు ముండాకొడకా, నువ్వు పెల్లాన్ని కూడా పులుసులో ఒగ్గేసే రకం."

మా వైపు అక్కని అప్పా అంటారు. హోటల్లో చిన్నా పెద్దా అందరం ఆమెని అలాగే పిలిచేవాళ్లం. జగన్నాధం గారొక్కరే పేరు పెట్టి పిలిచేవారు.

2018లో వానలు మొదలైనప్పుడు మండపం వెనక చెత్తకుప్ప గోడ ఎత్తుకి పెరిగింది. గదులు ఖాళీ చేసినవాళ్లు ఫోన్లలో రాసే అభిప్రాయాల్లో ఒకాయన, గది బాగుంది, వెనక కిటికీ మాత్రం తెరవకండి, అని రాశాడు. అది జగన్నాధం గారికి బాగా తగిలింది. అదే నెలలో ఆయన హోటళ్లవాళ్ల మీటింగుకని విశాఖపట్నం వెళ్లి, చెత్తని విడదీసి మళ్లీ వాడకానికి పంపే పద్ధతుల మీద ఒక రంగురంగుల పుస్తకం తెచ్చారు. దాన్ని నా బల్ల మీద పెట్టారు.

"ఝాన్సమ్మా, నువ్వు కెమిస్ట్రీ చదివేవు కదా. ఈ చెత్త సంగతి నువ్వే చూడాలి."

చెత్తకీ కెమిస్ట్రీకీ ఏం సంబంధమని నేను అడగలేదు. మా పాప హర్షితకి అప్పటికి పద్నాలుగు నెలలు. ఉద్యోగం నాకు అవసరం.

వారం రోజులు చెత్తని తూకం వేయించాను. మూడొంతుల్లో రెండొంతులు తిండీ, ఆకులే. మిగతాది సీసాలు, అట్టపెట్టెలు, గదుల్లో వాడి పారేసిన సబ్బు ముక్కలు, షాంపూ పొట్లాలు. ప్రతి అంతస్తులో మూడేసి డబ్బాలు పెట్టించాను. తడి చెత్తకి పచ్చది, పొడి చెత్తకి నీలంది, పిల్లల డైపర్ల లాంటి వాటికి ఎర్రది. పనివాళ్లలో చదువు రానివాళ్లు ఉన్నారని మూతల మీద బొమ్మలు కూడా నేనే గీశాను. నీలం మూత మీద సీసా, పచ్చ మూత మీద అరిటాకు.

పుస్తకంలో చదివినంత సులువు కాలేదు. గదులు తుడిచేవాళ్లు మూడు డబ్బాలున్నా దగ్గరగా ఉన్నదాంట్లోనే వేసేవారు. పెద్ద మేస్త్రి నీలం డబ్బాలో ఉల్లిపాయలు నిలవ చేశాడు. పాత సామాన్ల కొట్టువాడు సీసాలకి వస్తానని మూడు వారాలు రాలేదు. మొదటి మూడు నెలలూ రోజంతా మూతలు తీసి చూడటం, తప్పు వేసిందాన్ని తీయించడం, సాయంత్రం ఇంటికి పోయి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని పాపని ఎత్తుకోవడం, ఇదే పని. వేడుకుంటే కొందరు విన్నారు, విసుక్కుంటే కొందరు విన్నారు. ఏదో ఒక రోజు అన్నీ సరిగ్గా ఉంటే, మర్నాడు ఏదో పెళ్లి వచ్చి మళ్లీ మొదటికి వచ్చేది.

తడి చెత్తని ఎరువు తయారుచేసే కాంట్రాక్టరుకి ఇవ్వాలని జగన్నాధం గారి ఆలోచన. ఆ మాట వంటశాల దాకా వెళ్లింది. దేముడమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఫ్రంటాఫీసులోకి వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఆమె ముందు వైపుకి రావడం అదే మొదలని తరవాత తెలిసింది. పాలరాతి గచ్చు మీద ఎక్కడ నిలబడాలో తెలియనట్టు గుమ్మం పక్కనే ఆగింది.

"నా డ్రమ్ములు తీసెత్తారంట?"

"డ్రమ్ములే తీసేస్తారప్పా. కుడితి నీదే. నేను అయ్యగారితో మాట్లాడతాను."

"డ్రమ్మైతే ఏటి, డబ్బా ఐతే ఏటి. సుక్క కడుపు నిండాల. దాని కడుపు నిండితేనే మా ఇంట్లో పొయ్యెలుగుతాది."

జగన్నాధం గారు కొంత ఆలోచించి ఒప్పుకున్నారు. పెరటి వైపు పచ్చ డబ్బాల పనంతా దేముడమ్మ చూసుకోవాలి, అందులోది ఆమె తీసుకుపోవచ్చు.

అక్కడితో నేను ఊరుకోలేదు. ఆ నెలలో ఆమె కుడి చూపుడువేలికి పిన్నీసు గుచ్చుకుని చీము పట్టింది. గుడ్డ చుట్టుకుని, అదే చేత్తో కుడితి కలిపేది, అదే చేత్తో పాలు పితికేది. ఆ పాలు పొద్దున్న ఆరింటికి మా గిన్నెలో పడేవి. మా పాపకి నెలకోసారి విరేచనాలయ్యేవి. నేను పాలు మూడుసార్లు కాచేదాన్ని, సీసా నీళ్లలో మరిగించేదాన్ని, అయినా గిన్నె మూత తీసినప్పుడల్లా డిగ్రీలో మైక్రోస్కోపు కింద చూసినవన్నీ గుర్తుకొచ్చేవి. దేముడమ్మ వేలు బాగుపడాలని నాకు లేకపోలేదు. కానీ అంతకంటే మా పాప కడుపు గురించే నా భయం.

మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు తెప్పించి ఇచ్చాను.

ఆమె ఒకటి తొడుక్కుని, పచ్చ డబ్బాలో చెయ్యి పెట్టి, తీసేసింది. "ఇదేసుకుంటే నాకు సెయ్యి నేకపోయినట్టే ఉంతాదమ్మా. ఏటీ తెలవట్నేదు."

"తెలియక్కర్లేదప్పా. అసలు ఇంక చెయ్యి పెట్టొద్దు. పచ్చ డబ్బాలో తిండీ ఆకులూ తప్ప ఇంకోటి పడదు. తిన్నగా తీసుకెళ్లి పెట్టెయ్యి."

"పడదని ఎవులు సూస్తారు?"

"రోజూ నేను చూస్తున్నాను కదా."

"నువ్వు సూస్తావా?"

"చూస్తాను."

ఆమె కాసేపు గ్లౌజు వేళ్లలో నీళ్లు దులిపింది. "సదువుకున్నదానివి, నువ్వు సెప్పినాక నానేటంతాను," అంది. మర్నాటి నుంచి చెయ్యి పెట్టడం మానేసింది. వేలు మానింది. ఆ తరవాత మా పాప కడుపు కూడా కుదురుకుంది. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం ఉందనే అనుకున్నాను.

ఆ ఏడు తుపానుకి శ్రీకాకుళం వైపు అరటితోటలు నేలమట్టమయ్యాయి. మాఘమాసం పెళ్లిళ్లకి ఆకు దొరకడం కష్టమైంది. మండపంలో ఒక పెళ్లికి బయటి ఊరి నుంచి వంటవాళ్లు వచ్చారు. వాళ్లు కాగితం ఆకులు తెచ్చారు. అరిటాకు ఆకారంలో కత్తిరించిన పచ్చకాగితం, పైన తడి దిగకుండా పల్చటి ప్లాస్టిక్ పొర, ఆ పొర మీద ఈనెలతో సహా అచ్చు.

ఆ వారం నేను హోటల్లో లేను. పాపకి నాలుగు రోజులు జ్వరం. సెలవు పెట్టి, తడిగుడ్డ వేస్తూ, గంటగంటకీ థర్మామీటరు చూస్తూ ఇంట్లోనే ఉన్నాను. వెళ్లే ముందు డబ్బాలు చూడమని ధర్మేంద్రకి చెప్పాను. అతను చూశాడు కూడా. కానీ చూడటానికి అక్కడ తప్పేమీ కనబడలేదు. మనవాళ్లు భోంచేశాక ఆకుని తమ వైపు మడిచి లేస్తారు. కాగితం ఆకునీ అలాగే మడిచారు. లోపల అన్నం, పప్పు, పైన పచ్చగా మడత. ఎత్తేవాళ్లు మూత మీద ఆకు బొమ్మ చూసి అందులో వేశారు. మూడు రోజుల్లో రెండు పెళ్లిళ్లు, ఒక ఉపనయనం. మూడింటికీ అవే వంటవాళ్లు.

నేను మళ్లీ పనిలోకి వెళ్లిన రెండో రోజు పాలు రాలేదు. ఆరున్నరైంది, ఏడైంది. పాప ఏడుస్తోంది. నాకు చిరాకేసింది. రానప్పుడు ముందు రోజే చెప్పాలి కదా అనుకుంటూ పాకెట్టు పాలు కాచి, హోటలుకి వెళ్లే దారిలో వాళ్లింటి వైపు తిరిగాను.

దేముడమ్మ పాకలో నేల మీద కూర్చుని ఉంది. సుక్క నిలబడే ఉంది. ఎడమ డొక్క ఉబ్బి, మెడ చాచి, కళ్లు సగం మూసుకుని ఉంది. గోలెంలో కుడితి ముట్టలేదు.

"నిన్న పొద్దుట్నుంచీ నెమరెయ్యట్నేదు," అంది దేముడమ్మ. "వాము నీల్లు పట్టినాను. ఆముదం పట్టినాను. కదలట్నేదు."

పశువుల డాక్టరు మధ్యాహ్నానికి వచ్చాడు. చిన్నవాడే. డొక్క మీద పిడికిలితో నొక్కి చూశాడు. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. ఏం పెడుతున్నారని అడిగితే దేముడమ్మ నా వైపు చూసింది. నేను చెప్పాను. పెళ్లిళ్ల సంగతి కూడా చెప్పాను. అప్పటికింకా కాగితం ఆకుల మాట నాకు తెలియదు.

"కోసి చూడాల్సిందే. బతుకుతుందని మాట ఇవ్వలేను. కోయకపోతే మాత్రం రెండు రోజులు," అన్నాడు.

"కొయ్యండి బాబూ," అంది దేముడమ్మ. లోపలి నుంచి ఆమె భర్త దగ్గుతూ ఏదో అన్నాడు. "నువ్వూరుకో మావా," అని తలుపు దగ్గరికి వేసింది.

గేదెని నిలబెట్టే కోస్తారని నాకు తెలియదు. ఎడమ పక్క వెంట్రుకలు గొరిగి, మత్తు సూదులు వేసి, జానెడుకి పైగా కోశాడు. దేముడమ్మ ముందు వైపు ముక్కుతాడు పట్టుకుని, సుక్క నుదుటికి తన నుదురు ఆనించి నిలబడింది. డాక్టరు లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టి, ఒక్కొక్కటే లాగి తట్టలో వేశాడు. జడల్లా, తాళ్లలా మెలిపడిపోయిన ముద్దలు. రెండు తట్టలు నిండాయి. వాటిలో కొన్ని ఏళ్ల కిందట మేతలో మింగిన సంచీ ముక్కలు, నల్లగా. ఎక్కువ భాగం కొత్తవి.

నేను ఒకదాన్ని నీళ్లలో జాడించి విప్పాను. కాగితమంతా కరిగిపోయింది. పొర మిగిలింది. పొర మీద అచ్చు వేసిన ఈనెలు చెక్కుచెదరలేదు.

దేముడమ్మ తల తిప్పి చూసింది. "ఆకు కాదా అది?"

"కాదప్పా. ప్లాస్టిక్."

"నాను సెయ్యెట్టుంటే తెలిసిపోయీది," అంది. ఆ మాట నాతో కూడా అన్నట్టు లేదు. మళ్లీ తల అటు తిప్పుకుని సుక్క చెవి వెనక రుద్దుతూ ఉండిపోయింది.

మర్నాడు జగన్నాధం గారికి అంతా చెప్పాను. బొమ్మ నేను గీసిందేనని, చెయ్యి పెట్టొద్దన్నదీ నేనేనని కూడా చెప్పాను. ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

"డాక్టరు ఖర్చు నేను చూసుకుంటాను. కాగితం ఆకులు మన మండపంలోకి రాకూడదని బుకింగు కాగితం మీద రాద్దాం. కానీ ఝాన్సమ్మా, పెళ్లివారి వంటవాళ్లు తెస్తే నేను గుమ్మంలో నిలబడి ఆపగలనా?"

ఆపలేరని ఇద్దరికీ తెలుసు.

నాలుగు రోజులు పొద్దున్నా సాయంత్రం పాక దగ్గరికి వెళ్లాను. చేసేదేమీ లేదు. దేముడమ్మ పక్కన కూర్చుని సుక్క దవడ వైపు చూడటమే. మొదటి రెండు రోజులు అది పడుకోను కూడా లేదు. మూడో రోజు కాస్త గంజి తాగింది.

"ఇంటికెల్లమ్మా. గుంట ఏడుస్తాది," అనేది దేముడమ్మ.

"వాళ్ల నాన్న ఉన్నాడు."

"మగోడు గుంటనేటి సూస్తాడు. ఎల్లు."

తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. నాలుగో రోజు సాయంత్రం ఉండబట్టలేక నేనే అన్నాను, నా మాట విన్నందుకే ఇలా అయిందని.

"నువ్వు మంచికే సెప్పినావు," అంది దేముడమ్మ. "సెడుకి సెప్పీవోల్ల కాడ నాను జాగరతగానే ఉంతాను. ఇల్లు గడిపినదాన్ని కదా. మంచికి సెప్పీవోల్ల కాడే ఏమారిపోయినాను." సుక్క మీద ఈగలు తోలుతూ, "ఆ సేత్తోనే పాలు పోస్తన్నానని నీకు ఎరుక. ఆ సెయ్యి సూసి నీకు ఒల్లు జలదరించిందని నాకూ ఎరుకేనమ్మా," అంది.

ఆమె లేచి గోలెంలో గంజి మార్చింది.

అయిదో రోజు పొద్దున్న నేను వెళ్లేసరికి సుక్క పడుకుని ఉంది. దవడ అటూ ఇటూ ఆడుతోంది. దేముడమ్మ నన్ను చూసి మాట్లాడొద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఇద్దరం అలాగే నిలబడి చూశాం.

సుక్క బతికింది గానీ పాలు ఎండిపోయాయి. ఎముకలు లెక్కపెట్టేలా చిక్కింది. మళ్లీ చూలు కడుతుందో లేదో ఏడాది దాకా చెప్పలేమన్నాడు డాక్టరు. దేముడమ్మ మళ్లీ గిన్నెలు తోమడానికి వచ్చింది. మొదటి రోజే నాతో ఒక మాట చెప్పింది. వంటశాలలోంచి ధర్మేంద్ర తన చేత్తో ఇచ్చే గంజీ, తొక్కలూ తీసుకుంటుంది. పదిమంది తిని లేచిన ఆకు మాత్రం, పచ్చ డబ్బాలోది గానీ ఏ డబ్బాలోది గానీ, ముట్టదు.

దాంతో తడి చెత్తలో ముప్పాతిక వంతు ఎవరికీ అక్కర్లేనిదైంది. మండపం వెనక గొయ్యి తవ్వించి కంపోస్టు మొదలుపెట్టాను. అందులోనూ ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. గొయ్యి పక్కన కూర్చుని వాటిని ఏరించడం నా పనుల్లో ఇంకొకటైంది.

వేసవిలో హోటళ్లవాళ్ల సంఘం నుంచి ముగ్గురు మా ఏర్పాట్లు చూడటానికి వచ్చారు. జగన్నాధం గారు దేముడమ్మని ఏప్రాన్ వేసుకుని డబ్బాల దగ్గర నిలబడమన్నారు. నిలబడింది. వాళ్లలో ఒకావిడ నవ్వుతూ అడిగింది, "ఎలా ఉందమ్మా ఈ కొత్త పద్ధతి?"

"బాగున్నాదండి," అంది దేముడమ్మ.

ఫొటో తీసుకున్నారు. ఏప్రాన్ విప్పి మడిచి నా చేతికిచ్చి, గిన్నెల దగ్గరికి పోయింది.

కుడితి తగ్గినంత మేరా గడ్డి పెరగాలి. శ్రావణంలో ఒక ఆదివారం పాపని ఎత్తుకుని స్టేషను వైపు నుంచి వస్తుంటే, రైలుకట్ట పక్క పొలంగట్ల మీద ఆమె కనిపించింది. ఉదయం గిన్నెలు తోమి, మధ్యాహ్నం గట్ల మీద గడ్డి కోసి, సాయంత్రం మళ్లీ గిన్నెలు. రెండు నెలలుగా అదే వరస అట. మోకాళ్ల దాకా బురద. అంతకు ముందెప్పుడూ ఆమె నడుం పట్టుకుని లేవడం నేను చూడలేదు.

"అప్పా, సుక్క ఎలా ఉంది?"

"తింతాది. తిని నా మొకం సూత్తాది." మోపుని తాడుతో బిగించింది. "కాల్లు ఇదివరకులా రాట్నేదమ్మా. దాన్ని అమ్మెయ్యమని మా గుంట కోటబొమ్మాలి నుంచి ఫోను సేస్తాది. అమ్మితే ఎవులు కొంతారో నాకు ఎరుక. ఎలగమ్మను."

పాప గడ్డిపరక కోసం చెయ్యి చాపింది. దేముడమ్మ ఒకటి తీసివ్వబోయి, బురద చేతివైపు చూసుకుని మానేసింది.

"ఇవ్వప్పా, పరవాలేదు," అన్నాను.

ఆమె వినలేదు. తలగుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుంది. "గుంటని దించి ఓ సెయ్యెయ్యి. ఎత్తుకోనేకపోతన్నాను."

పాపని గట్టు మీద నిలబెట్టి, మోపు రెండో వైపు పట్టుకున్నాను. తడిగడ్డి, నేను అనుకున్న దానికంటే చాలా బరువుంది. మొదటిసారి లేవలేదు. రెండోసారి ఇద్దరం కలిసి ఎత్తాం. మెడ సరిచేసుకుని, గట్టు వెంట ఆమె ఇంటి వైపు నడిచింది.